ఎద్దు అయిదుసార్లు పడుకున్న ఊరు

మా ఊళ్ళో తాతముత్తాతల నాటినుంచీ చక్కగా సాగుతున్న గొడవ ఒకటుండేది. దాన్ని నేను ఆపేశాను.

గొడవలు పెట్టేవాళ్ళని లోకం మూర్ఖులంటుంది. గొడవ తీర్చి, సొంత మేనత్త పొలాన్ని జేసీబీ నోటికి అందించినవాణ్ణి ఏమంటారో తెలుసుకుందామని నిఘంటువు తిరగేశాను. దొరకలేదు. మా అత్తకి మాత్రం మాట వెంటనే దొరికింది. అది ఇక్కడ రాయడానికి వీల్లేదు గానీ, అక్షరాలా నిజం.

ఇందులో పేర్లుండవు. ఒకసారి పేర్లతో సహా ఊరి చరిత్ర రాసి, రాతిమీదికెక్కించి, ఆ రాయి నా నెత్తినే పడ్డాక వచ్చిన జ్ఞానమిది. ఊరంటే ఊరే, బావంటే బావే.

తగరపువలస దాటాక హైవే మీద బస్సు దిగి లోపలికి నడిస్తే మొదట పెద్దూరు వస్తుంది. బ్యాంకు, రైతుబజారు, బిర్యానీ పాయింటు ఉన్నాయి కాబట్టి అది పట్టణమని దాని అభిప్రాయం. దాని వెనక నాలుగు శివార్లు: కల్లాలపేట, తోటపాలెం, మెట్టవీధి, చివరాఖరికి గెడ్డవతల. ఇవి కూడా పేర్లు కావు, ఆనవాళ్ళు. కల్లాలపేటలో కల్లాలు లేవు, తోటపాలెంలో తోట లేదు. గెడ్డవతల మాత్రం గెడ్డ ఉంది. మా వైపు గెడ్డంటే వాగు. వానాకాలంలోనే వాగుతుంది. ఆ లెక్కన మా బావకంటే నయం.

నేను పుట్టింది గెడ్డవతలే. నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే విశాఖ వచ్చేశాం. తర్వాత నాకూ అక్కడే ఉద్యోగం. ఊరితో నా సంబంధం ఏడాదికోసారి అమ్మవారి పండక్కి వెళ్ళి వేటమాంసం తిని రావడం. పండగనాటి సాయంత్రం గుడి ముందు ఏదో పెద్ద గొడవ జరిగేది. మేం ఆ కేకల్ని వింటూ ఎముకలు కొరికేవాళ్ళం. గొడవ ఎందుకో ఎప్పుడూ అడగలేదు. నోరు ఖాళీ లేదు.

ఇలాంటివాణ్ణి వెతుక్కుంటూ చరిత్ర రాయమని మా బావ వచ్చాడు.

బావంటే మా అప్ప మొగుడు, పెద్దూరివాడు. మా వైపు అప్పంటే అక్క. పండగ కమిటీకి అధ్యక్షుడు. వృత్తి లేఅవుట్లు వెయ్యడం. లేఅవుట్ అన్నది ఇంగ్లీషు మాటని అందరూ అనుకుంటారు. కాదు. ‘లే, అవుట్’ అని పొలంలో ఉన్నవాళ్ళతో అనే మాట. ఎప్పటికైనా వార్డు మెంబరు నుంచి మొదలెట్టి మంత్రి దాకా ఏదో ఒకటి అవ్వాలని ఆయన కోరిక. అందుకు సాధనగా నమస్కారం పెడుతుంటాడు. మైకు గుర్రుమంటే చాలు, ఆయన చేతులు వాటంతటవే కలుస్తాయి. ఫోనులో ఎవరైనా ‘నమస్కారం’ అంటే రెండు చేతులూ జోడిస్తాడు. ఈ అలవాటుకి ఇప్పటిదాకా బలైన ఫోన్ల గురించి మా అప్ప చెప్పి చెప్పి ఏడుస్తుంది.

“మీ బావగారు మన గుమ్మానికి కూడా దణ్ణం పెట్టొచ్చారండీ. దేవుడి గది అటుంది,” అని మా ఆవిడ నాకు మాత్రమే వినపడేలా అంది. ఆవిడది గోదావరి జిల్లా. పోర్టు ఉద్యోగానికి వచ్చిన వాళ్ళ నాన్నతోపాటు విశాఖ వచ్చింది. వచ్చి నలభై ఏళ్ళు దాటుతున్నా మా వైపు వాళ్ళని ఇంకా ఎగ్జిబిషన్లో చూసినట్టే చూస్తుంది.

బావ టీ తాగి, కప్పు కింద పెట్టి, సంగతి చెప్పాడు.

“బావా, నీకు రాతొచ్చు. నాకు నుదుటి రాత తప్ప మరేటీ రాదు. మనూరి సరిత్ర రాసీ.”

“నానా? నాకేటి తెలుసు బావా?”

“అందుకే నీ దగ్గరికొచ్చినాను. తెలిసినోడైతే ఏదో ఒక పక్క మాటాడతాడు. ఏటా పండగనాడు ఎవులూరు ముందు పుట్టినాదని కొట్టుకు సస్తన్నారు. నువ్వు తేల్చీ. రాయి మీద సెక్కించీద్దాం. పీడా వదిలిపోతాది.”

నాకు రాత వచ్చన్న పుకారు ఫ్యాక్టరీలో పుట్టింది. ఎవరు రిటైరైనా సన్మానపత్రం నేనే రాసేవాణ్ణి. ‘ఉక్కు సంకల్పం, వెన్న మనసు’ అని మొదలెట్టేవాణ్ణి. అందరికీ అదే ఉక్కు, అదే వెన్న. ఒకాయన ఫ్రేము కట్టించుకుని, తీరా గోడకి కొడుతుంటే, పక్కింట్లోనూ అదే ఉందని చూసుకుని మేకు మధ్యలో ఆపేశాడట. అయినా ఊరంతటి ఊరు నా కలం కోసం ఎదురుచూస్తోందంటే ఛాతీ ఉబ్బదా? ఉబ్బింది. డాక్టరు చెప్పిన ఉబ్బు వేరు, ఇది వేరు.

మర్నాడే బస్సెక్కాను.

పెద్దూరి పెద్దాయన అరుగుమీద కూర్చోబెట్టి చెప్పాడు. “మా తాతలు ఒడిసా వైపునించి బండి కట్టుకుని వొస్తన్నారు. ఇక్కడికొచ్చీసరికి ఎద్దు కూలబడిపోనాది. కొట్టినా లెగదు, తిట్టినా లెగదు. అమ్మోరి ఆగ్న అనుకుని ఇక్కడే ఉండిపోనారు.” సాక్ష్యం కూడా చూపించాడు. ఎద్దు పొట్ట ఆనిన పల్లం. ఇప్పుడందులో బిర్యానీ పాయింటు వాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు.

కల్లాలపేటకి వెళ్ళాను. అక్కడా బండి వచ్చింది. అక్కడా ఎద్దు కూలబడింది. “పెద్దూర్లో కూలబడినాదా? ఎవుడు సెప్పినాడు బాబూ? ఆల మొహం! అక్కడ ఎద్దు పేడేసినాది, అంతే. తొంగున్నది ఇక్కడ.” తోటపాలెంలో ఎద్దుని కట్టిన రాటని చూపించారు. దానికి కేబుల్ టీవీ డబ్బా బిగించి ఉంది. మెట్టవీధిలో బండమీద గిట్ట గుర్తుంది. అది చూస్తే ఎద్దుకి బూటున్నట్టుంది. ఆ మాట అన్నాను. “ఆ కాలం ఎడ్లు అలగే ఉండీవి,” అన్నారు.

నాలుగూళ్ళు తిరిగేసరికి నాకర్థమైందేమంటే, మా ఊరి చరిత్ర ఒక బద్ధకపు ఎద్దు చరిత్ర. అన్ని ఊళ్ళవాళ్ళూ ఒకే ఎద్దుని నమ్ముతున్నారు. అది మొదట ఎక్కడ పడుకుందన్నదే పేచీ.

చివరికి గెడ్డ దాటి మా మేనత్త దగ్గరికెళ్ళాను. గెడ్డకీ బావ లేఅవుట్‌కీ మధ్య ఒక చిన్న మడి ఉంది. మూడు వైపులా ప్లాట్ల రాళ్ళు పాతేశారు. మధ్యలో అదొక్కటే పచ్చగా, బట్టతలలో మిగిలిన పిలకలా ఉంటుంది. అత్త గట్టుమీద కూర్చుని చాటలో వడ్లు చెరుగుతోంది.

“అత్తా, మన గెడ్డవతల ఎలా పుట్టినాది? ఎద్దు ఎక్కడ కూలబడినాది?”

“ఎద్దేటి?”

“అదే, బండి కట్టుకొచ్చిన ఎద్దు.”

“ఎద్దుంటే ఎందుకొస్తాం రా అల్లుడా? ఎద్దున్నోడు ఊరొగ్గీసి ఒస్తాడేటి? మనోళ్ళు బండీ లేదు ఎద్దూ లేదు, నెత్తిమీద కుండలెట్టుకుని, అందరికంటే ఆఖర్ని నడిసొచ్చినారు. సోటు లేకపోతే గెడ్డవతల కూకోమన్నారు. కూకున్నారు. ఏటి, భోయినం సేసినావా?”

ఇదొక చరిత్రా! నడిచొచ్చారట, కూర్చున్నారట. రాతిమీద ఎలా ఉంటుంది? నాకు మా వాళ్ళమీద జాలేసింది. పుట్టిన ఊరిమీద ఆ మాత్రం మమకారం ఉండదా? ఉదారంగా నా తరఫున వాళ్ళకీ ఎద్దునిచ్చాను.

ఇంటికొచ్చి రాశాను. ఎవరినీ నొప్పించకుండా. ‘పుణ్యవృషభము మొదట పెద్దూరున విశ్రమించి, లేచి, కల్లాలపేటన విశ్రమించి, లేచి’ అని అలా సాగి, గెడ్డవతల అయిదోసారి విశ్రమిస్తుంది. ఆ వరస ఎక్కడిదంటే, నేను బస్సు దిగి నడిచిన వరస. చరిత్రకారులు కాలక్రమంలో రాస్తారు. నాది బస్సుక్రమం.

మా ఆవిడ చదివి కాగితం మడిచింది. “అయిదుసార్లు పడుకుందాండీ? మీది అచ్చంగా ఆ ఊరేనని ఇన్నాళ్ళకి నమ్మకం కుదిరింది.”

రాయి చెక్కించారు. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. బావ దాన్ని గుడి దగ్గర కాకుండా తన లేఅవుట్ ముఖద్వారం పక్కన, ఆర్చి కింద పెట్టించాడు. పైన ‘చరిత్ర సమర్పణ’ అని ఆయన పేరు. కింద నా పేరుంటుందని వంగి చూశాను. మరికాస్త వంగాను. సిమెంటు తగిలింది.

“స్థలం సాల్లేదు బావా,” అన్నాడు. “ఎద్దు అయిదుసార్లు తొంగుంటే స్థలం మరెలా సరిపోతాది?”

అయినా పేరులో ఏముందిలే అనుకుని, ఆ కాగితం పట్టుకుని అత్త దగ్గరికెళ్ళాను. పండగ ఇంకో వారం ఉంది. అత్త పని ఆపి, చెయ్యి తుడుచుకుని, మొత్తం విన్నది.

“అయితే ఈ యేడు గొడవుండదన్నమాట,” అంది.

“ఉండదత్తా! అందరికీ నచ్చీసినాది.”

“మనకి కూడా ఎద్దిచ్చినావా?”

“ఇచ్చినానత్తా.”

అప్పుడే ఆవిడ ఆ మాట అన్నది. నేను రాయలేనన్న మాట. తర్వాత నెమ్మదిగా గట్టుమీద కూలబడింది. నిజంగా మా ఊళ్ళో ఎవరైనా కూలబడ్డం నేను చూసింది అదే మొదటిసారి.

ఎముకలు కొరుకుతూ నేను ఏనాడూ అడగని సంగతి అత్త అప్పుడు చెప్పింది. పండగనాటి సాయంత్రం పూజారి అమ్మవారి చాటలోంచి విత్తనాల వడ్లు పంచుతాడు. తొలి గుప్పెడు ముందు పుట్టిన ఊరికి. ఆ గుప్పెడు ఏ నేలమీద పడితే ఆ నేల అమ్మవారిది. విత్తినవాళ్ళు తప్ప మరో మనిషి అందులో అడుగు పెట్టకూడదు. బండి పోకూడదు, యంత్రం పోకూడదు. అక్కడ పండిన గింజ వచ్చే ఏడాది పండక్కి అమ్మవారి చాటలోకి చేరేదాకా అంతే.

“మరి ఎవులూరు ముందో ఎప్పుడూ తేలదు గదా?”

“తేలదు. అదే గదరా మన అదురుష్టం! గొడవ తేలీదాకా ఆ గింజలు ఎద్దు లేనోళ్ళ సేతిలో ఉంచాల. ఎద్దు లేనోళ్ళం మనమే. ఊళ్ళో పెద్దదాన్నని నా సేతిలో ఎడతారు. పొద్దుగూకితే గింజ సేతిలో ఉండకూడదు. ఆళ్ళు కొట్టుకుంతంటే నాను ఎల్లి నా మడిలో సల్లీసి ఒచ్చీదాన్ని.”

అంటే ఏటా అదే జరుగుతోంది. అత్త మడి ఏటా అమ్మవారిదవుతోంది. ఆవిడ కొడుకులిద్దరు. ఒకడు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీలో పని, ఇంకొకడు రుషికొండలో కంపెనీ కారు నడుపుతాడు. ఇద్దరూ ఆ మడిని లేఅవుట్ రోడ్డుకి ఇచ్చేస్తామని మా బావకి ఎప్పుడో మాటిచ్చేశారు. కానీ అత్త ఒక్కటే అంటుంది: అమ్మోరు వదిలిన రోజున తీసుకోండి. అమ్మవారు వదిలేది పండగనాడే. చాటలో కొత్త గింజ పొయ్యగానే మడి వదిలిపోతుంది. సాయంత్రానికి గొడవ మొదలై, పొద్దుగూకేలోగా గుప్పెడు మళ్ళీ అందులోనే పడుతుంది. ఏడాది మొత్తంలో ఆ మడి అత్తది అయ్యేది ఒక్క పూట.

ఈసారి గొడవ లేదు. తొలి గుప్పెడు పెద్దూరికి, అంటే అధ్యక్షుడైన మా బావకి. అత్త మడి మామూలు మట్టి.

“గింజలు సేతిలోంచి దారిలో జారిపోతే?” అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. మునిగేవాడు ఏదో ఒకటి అడుగుతాడు.

“పడ్డసోటే మడి. మా అత్త ఒకేడు గెడ్డ గట్టుమీద జారిపోయి గింజలన్నీ దారిలో ఒలకబోసీసినాది. ఆ యేడు వానాకాలమంతా ఊరు ఊరంతా మోకాలి లోతు నీళ్ళలోంచే తిరిగినారు. ఒక్కడు గట్టు తొక్కలేదు.” మడికేసి చూస్తూ అంది, “ఈ వయసులో నాకు పంట పోతాదని కాదురా నా బాధ. ఈ మడి లేపోతే పొద్దున్న లెగిసి ఎటెళ్ళాల నాను? కొడుకు ఫ్లాటులోకా? ఆడ బాల్కనీలో కూకుంటే కింద సముద్రం కనిపిస్తాది. దాన్నేటి సేసుకోను? కలుపు తియ్యనా?”

ఓదార్చడానికి నా దగ్గరున్న మాటలన్నీ రాతిమీదున్నాయి.

అక్కణ్ణించి నేరుగా బావ దగ్గరికెళ్ళాను. ఆర్చి పక్కన ఒక పెద్ద సిమెంటు కుండీకి తామరపూలు రంగులేయిస్తున్నాడు. తొలి గుప్పెడు అందులో చల్లుతాడట. కుండీలో ఎలాగూ ఎవరూ అడుగు పెట్టరు కాబట్టి అమ్మవారికి ఇబ్బంది లేదు. హైవే పక్కన జేసీబీ అప్పుడే వచ్చి ఆగి ఉంది. దాని మూతికి బంతిపూల దండ.

“బావా, నీకిదంతా ముందే తెలుసు,” అన్నాను.

“ఏటి తెలుసు?”

“గొడవ తీరిపోతే అత్త మడి పోతాదని.”

ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. “గొడవలు మంచివా బావా? నువ్వే సెప్పు. సదువుకున్నోడివి.”

“ఆ రాయి మార్చీ. గెడ్డవతలోళ్ళకి ఎద్దు లేదు. నానే ఇచ్చినాను.”

“ఇచ్చిన ఎద్దుని ఎనక్కి తీసుకుంతారేటి ఎవులైనా?” అని బావ నా భుజంమీద చెయ్యేశాడు. “సెక్కీసినాక సరిత్ర మారదు బావా.”

రాయి మారకపోతే గొడవైనా తిరిగి రావాలి. ఆ వారమంతా నేను చేసిన పని మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. ఊరూరా తిరిగి తగాదా పెట్టడానికి ప్రయత్నించాను. కల్లాలపేటలో, “మిమ్మల్ని రెండోస్థానంలో పెట్టారు, ఊరుకుంటారా?” అన్నాను.

“మంచి నెంబరే గదా బాబూ. మొదటిసారి సరిగ్గా నిద్ర పట్టి ఉండదు ఎద్దుకి. రెండోసారే గాఢనిద్ర,” అన్నారు.

తోటపాలెంలో కుర్రాళ్ళు రాతిదగ్గర సెల్ఫీలు దిగొచ్చి నాకే చూపించారు. మెట్టవీధిలో గిట్టగుర్తు బూటుగుర్తేనని గట్టిగా చెప్పాను, కొడతారేమోనన్న ఆశతో. “ఇప్పుడెందుకు బాబూ గొడవలు? పెద్దమనిషివి. సల్లగా మజ్జిగ తాగు,” అని గ్లాసు చేతిలో పెట్టారు. తరాలుగా కర్రలు పట్టినవాళ్ళు నాలుగు వాక్యాలకి బుద్ధులైపోయారు. నా రచనకి అంత శక్తి ఉందని నాకే తెలీదు. సన్మానపత్రాలకి ఎవరూ ఇలా మారలేదు.

మజ్జిగ తాగి, తాగి, కడుపు ఉబ్బి ఇంటికొచ్చాను. మా ఆవిడతో మొత్తం చెప్పుకున్నాను. ఆవిడ కూర తరుగుతూ వింది.

“మీవల్ల కాదులెండి. మీ బావగారు ఎక్కడా చెయ్యి జారనివ్వరు,” అంది. మళ్ళీ తనే, “ఒక్క దణ్ణం పెట్టేటప్పుడు తప్ప,” అని నవ్వింది.

నేను నవ్వలేదు. తరిగిన వంకాయ ముక్కల్ని చూస్తూ కూర్చున్నాను. ఫ్యాక్టరీలో కొలిమి తలుపు తెరిచినప్పుడు మొహానికొక వేడి తగులుతుంది. అలాంటిదేదో తగిలింది.

పండగ రానే వచ్చింది. మధ్యాహ్నం అత్త తన మడి గింజ తెచ్చి అమ్మవారి చాటలో పోసింది. మడి వదిలిపోయింది. ఎప్పుడూ ఆ పని చేసి గుడి ముందే కూర్చునే మనిషి, ఈసారి వెళ్ళి గట్టుమీద కూర్చుంది. సాయంత్రం చాటని ఊరేగింపుగా లేఅవుట్ ముఖద్వారం దగ్గరికి తెచ్చారు. కొనుగోలుదారులకి కూడా మన సంప్రదాయం తెలియాలని బావ ఏర్పాటు. డప్పులు, టెంటు, మైకు. గేటు లోపల, గ్రావెలు రోడ్డుమీద, కొత్తగా కడిగిన బావ కారు. గేటు బయట దండ వేసుకున్న జేసీబీ. ఆ లేఅవుట్‌లోకి బండి వెళ్ళడానికి ఆ గేటు తప్ప వేరే దారి లేదు. అటువైపు గెడ్డ.

అయిదూళ్ళవాళ్ళూ వచ్చారు. ఎవరూ అరవలేదు. మొదటిసారి గొడవ లేకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, “తిన్నారా?” అంటే “తిన్నారా?” అని అడుగుతున్నారు.

చరిత్ర చదవమని నన్ను మైకు దగ్గరికి పిలిచారు. చదివాను. ఎద్దు పడుకున్నప్పుడల్లా ఆ ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. అయిదోసారి పడుకున్నప్పుడు గెడ్డవతలవాళ్ళు కొట్టలేదు. వాళ్ళల్లో ఇంకా కాస్త సిగ్గుంది.

పూజారి చాటలోంచి గుప్పెడు వడ్లు తీసి బావ కుడిచేతిలో పోశాడు. బావ పిడికిలి బిగించాడు. ఆర్చి కింద, గేటుకి సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నాడు. కుండీ పక్కనే, రెండడుగులు. ఆయన ఒక అడుగు ఎత్తాడు.

మైకు నా చేతిలోనే ఉంది.

“ఇప్పుడు,” అన్నాను, సన్మానసభల్లో వాడే గొంతుతో, “మన ప్రియతమ అధ్యక్షులవారు యావన్మంది ప్రజలకీ నమస్కరిస్తారు.”

మైకు కూడా సహకరించి ఒకసారి గుర్రుమంది.

బావ చేతులు కలిశాయి. అంతే. ఎంత చక్కగా కలిశాయంటే, ఆ నమస్కారానికి ఓటెయ్యాలనిపించింది. రెండు అరచేతుల మధ్యనించి వడ్లు జరజరా జారాయి. మోచేతిమీంచి, పట్టుపంచెమీంచి, గ్రావెలుమీద పడ్డాయి. కొన్ని గేటు గాడిలో పడ్డాయి. ఆయన మొహంమీద నవ్వింకా అలాగే ఉంది. చేతులకి తెలిసిన సంగతి మొహానికి చేరడానికి కాస్త సమయం పట్టింది.

“మడి పడిపోనాది!” అని ఒక కేక వినపడింది. గట్టుమీద కూర్చుందనుకున్న మా అత్త, టెంటు వెనకాల నిలబడి ఉంది.

తర్వాత జరిగిందంతా నేను సాధించిన ఐకమత్యం చలవ. పాతరోజులైతే నాలుగూళ్ళూ నాలుగు మాటలనేవి. ఇప్పుడు అందరూ ఒకే ఎద్దు బిడ్డలు కదా! ఒక్క మాటమీద వెనక్కి జరిగారు. కల్లాలపేటవాళ్ళు వేపకొమ్మలు తెచ్చి చుట్టూ గుచ్చారు. తోటపాలెం ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లారు. మెట్టవీధివాళ్ళు గేటుకి అడ్డంగా తాడు కట్టారు. పూజారి కళ్ళు మూసుకుని, “అమ్మోరు లేఅవుట్ కోరుకున్నాది,” అన్నాడు.

బావ వడ్లు ఏరడానికి వంగబోయాడు. అయిదూళ్ళూ ఒకే గొంతుతో “హా!” అన్నాయి. వంగినవాడు వంగినట్టే ఆగి, అలవాటు కొద్దీ నేలకి నమస్కారం పెట్టి లేచాడు.

అత్త మడి ఈసారి అమ్మవారిది కాకపోయినా, గేటు దాటకుండా అక్కడికి పోయే దారి లేక జేసీబీ మర్నాడు దండతో సహా వెనక్కి పోయింది. బావ కారు మాత్రం గేటు లోపలే ఉండిపోయింది. ఇప్పుడాయన షేర్ ఆటోలో తిరుగుతున్నాడు. ప్లాట్లు చూడ్డానికొచ్చేవాళ్ళకి గెడ్డ దాటి, అత్త మడి గట్టుమీదుగా పోవడమొక్కటే దారి. గెడ్డవతల వంతుకొచ్చిన ఆఖరి గుప్పెడు మడిలో చల్లుకుని, అత్త ఆ గట్టుమీదే కూర్చుంటుంది. “సెప్పులు సేత్తో పట్టుకుని నడండి బాబూ. ఒకల ఎనక ఒకలు. ఇటు కాదు, ఆకు తొక్కీగలరు,” అని దారి చూపిస్తుంది. బూట్లు చేత్తో పట్టుకుని తూలుతూ నడిచే సాఫ్ట్‌వేర్ వాళ్ళని చూస్తుంటే ఆవిడకి పొద్దు తెలీడం లేదట.

ఇక అసలు చిక్కు బావది. ఆ గ్రావెల్లో గింజ పండి, అది వచ్చే పండక్కి చాటలోకి చేరితేనే గేటు వదులుతుంది. పండకపోతే ఎప్పటికీ వదలదు. వానలు పడ్డాక టైరు జాడల్లో నాలుగు మొలకలు లేచాయి. అంతే, పొలాల్ని మింగిన మనిషి ఆ నాలుగు మొలకలకీ కాపలా కూర్చున్నాడు. ట్యాంకరుతో నీళ్ళు తెప్పిస్తున్నాడు. మేకలొస్తే టెంటు కర్ర పట్టుకుని పరిగెడుతున్నాడట. “మీ బావ ఇప్పుడు ఫోన్లో పెట్టుబడి గురించి మాటాడ్డం లేదురా, పేడ గురించి మాటాడుతున్నాడు,” అని మా అప్ప చెప్పింది. ఆవిడ గొంతులో సంతోషమే వినపడింది.

మొన్న నాకే ఫోను చేశాడు.

“బావా, ఆకులు పసుపచ్చగా అయిపోతన్నాయి. అత్తనడిగితే నవ్వీసి ఊరుకుంతన్నాది. ఏటి సెయ్యాలో నాకు తెల్దు. పోనీ, ఒక పని సెయ్యి. పండకపోయినా పరవాలేదని సరిత్రలో ఒక ముక్క కలిపీ. రాయి మళ్ళీ సెక్కించీస్తాను. ఈసారి నీ పేరు పెద్దచ్చరాల్తో ఏయిస్తాను.”

“సెక్కీసినాక సరిత్ర మారదు బావా.”

“మరి నన్నేటి సెయ్యమంతావు?”

“ఎద్దునడుగు,” అన్నాను. తర్వాత, ఎంతైనా అప్ప మొగుడు కదా, మర్యాదగా ముగించాలి కదా అని, “ఉంటాను బావా, నమస్కారం,” అన్నాను.

అవతల ఫోను గ్రావెలుమీద పడి పగిలిన చప్పుడు స్పష్టంగా వినపడింది.